ఇరుక్కుపోయిన తూటా గుల్ల: రాస్ రైఫిల్ కథలో కారణాల అన్వేషణ

ఉపోద్ఘాతం

చరిత్రలో కారణ-కార్య సంబంధం గురించి గత భాగంలో సిద్ధాంతరీత్యా చదివారు. ఈ భాగంలో ఒకే ఒక్క ఉదాహరణ తీసుకొని దాన్ని దగ్గరగా పరిశీలిద్దాం. ఉదాహరణ చూడడానికి చాలా చిన్నది. పేలిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి గుల్ల రైఫిల్ నుంచి బయటికి రాకపోవడం, అంతే. గుల్ల మన చిటికెనవేలి కంటే పెద్దదేమీ కాదు. కానీ 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర పట్టణం దగ్గర అది బయటికి రాకపోవడం వల్ల కెనడా సైనికులు శత్రువు ఎదుట చేతిలో ఆయుధం ఉండీ నిరాయుధులయ్యారు. ఆ తరవాత ఒక సేనాపతి పదవి పోయింది, ఒక కర్మాగారం మూతపడింది.

తప్పు ఎవరిది? తుపాకిదా, తూటాదా, తుపాకి పట్టిన చేతిదా, దాన్ని కొన్న ప్రభుత్వానిదా? ఆ రోజుల్లో ఒక్కొక్కరు ఒక్కొక్క జవాబు చెప్పారు. ప్రతి జవాబులోనూ కొంత నిజం ఉంది. అయితే ఏ ఒక్క జవాబునో పట్టుకొని చేసిన మరమ్మతు మాత్రం నిలవలేదు. విద్యార్థులు ఈ పాఠంలో గమనించవలసినది ఇదే.

చరిత్ర చదివేవాళ్లకు యంత్రాల సంగతి ఎందుకని కొందరు అడుగుతారు. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియకపోతే దాని మీద నాటి మనుషులు పెట్టుకున్న తగవు మనకు అర్థం కాదు. అందువల్ల ముందు రెండు పేజీలు ఓపికగా చదవండి.

తుపాకి లోపల జరిగేది

మన పోలీసు స్టేషన్లలో చాలాకాలం కనిపించిన త్రీనాట్‌త్రీ రైఫిల్ మీలో కొందరైనా చూసే ఉంటారు. అది బోల్ట్ రైఫిల్. బోల్ట్ అంటే మరేమీ కాదు, గడియ. తలుపు గడియను ఎలా పైకెత్తి, వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోసి, కిందికి దించుతామో ఈ రైఫిల్ బోల్ట్‌నూ అలాగే ఆడిస్తారు. ముందుకు తోసినప్పుడు కొత్త తూటా గొట్టం వెనక భాగంలోని గదిలోకి వెళ్లి కూర్చుంటుంది. ఆ గదినే చాంబర్ అంటారు. కిందికి దించగానే బోల్ట్ మీద ఉన్న ఉక్కు చెవులు తమ గాడుల్లో పడి బిగుసుకుంటాయి. పేలినప్పుడు వచ్చే ఒత్తిడి మొత్తాన్నీ ఆ చెవులే మోస్తాయి.

తూటాలో సీసపు గుండు, మందు, రంజకం ఉంటాయి. వీటన్నిటినీ పట్టి ఉంచేది ఇత్తడి గుల్ల. ఇత్తడిని ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. మందు పేలగానే గుల్ల గోడలు ఉబ్బి చాంబర్ గోడలకు అతుక్కుంటాయి. దానివల్ల వేడి వాయువు వెనక్కి, అంటే సైనికుడి ముఖం మీదికి రాదు. గుండు గొట్టం దాటి వెళ్లి ఒత్తిడి తగ్గగానే ఇత్తడి తన సాగే గుణం వల్ల మళ్లీ కొద్దిగా ముడుచుకుంటుంది. అప్పుడే అది చాంబర్‌ను వదులుతుంది. ఆ ముడుచుకోవడం చాలినంత లేకపోతే గుల్ల లోపలే పట్టుకుపోతుంది.

గుల్ల బయటికి రావడంలో రెండు వేరువేరు పనులున్నాయి. ఒకటి, బోల్ట్ మూతికి ఉన్న చిన్న కొక్కెం గుల్ల అంచును పట్టుకొని చాంబర్ నుంచి వెనక్కి లాగడం. దీన్ని ఎక్స్‌ట్రాక్షన్ అంటారు. రెండోది, అలా లాగిన గుల్ల ఒక పక్కన దేనికైనా తగిలి ఎగిరి బయట పడడం. దీన్ని ఎజెక్షన్ అంటారు. రెండింటినీ కలిపేసి మాట్లాడడం పొరపాటు. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో గుల్ల చాంబర్ నుంచి వచ్చి కూడా బయట పడకుండా లోపలే దొర్లుతుంటే, చూసేవాడికి విసిరే భాగం చెడిందనిపిస్తుంది. చాలాసార్లు అసలు దోషం కొక్కెం వెనక ఉన్న స్ప్రింగ్‌లో ఉంటుంది. స్ప్రింగ్ మెత్తబడితే కొక్కెం పట్టు సడలి, గుల్ల సరైన చోట తగలకముందే జారిపోతుంది. లక్షణం ఒకచోట, మూలం మరోచోట!

కళాశాల రోజుల్లో క్యాడెట్‌గా ఉన్నప్పుడు నాకూ ఒకసారి ఇలాంటిది ఎదురైంది. గుల్ల రాలేదు. కుర్రతనం కొద్దీ బోల్ట్ పిడిని అరచేత్తో గట్టిగా కొట్టబోయాను. మా ఉస్తాద్ నా మణికట్టు పట్టుకొని ఆపి, గొట్టం మూతి అటువైపే ఉంచమని చెప్పి, ముందు చాంబర్‌లో మసి చూడు, తరవాత కొక్కెం చూడు, ఆ తరవాతే నీ బలం చూపించు అన్నాడు. ఆయన వరస ఎంత సరైనదో రాస్ రైఫిల్ చరిత్ర చదివాక గాని నాకు తెలియలేదు.

ఇక మరొక్క సంగతి. వంటింట్లో స్టీలు గ్లాసులో గ్లాసు ఇరుక్కుంటే ఏం చేస్తాం? తిన్నగా లాగం. ముందు కొంచెం తిప్పి, కదలిక వచ్చాక లాగుతాం. మామూలు బోల్ట్ రైఫిల్‌లోనూ ఇదే ఉపాయం ఉంది. పిడిని పైకెత్తినప్పుడు బోల్ట్ తిరుగుతూ ఒక ఏటవాలు అంచు మీద జారి, వెంట్రుకవాసి వెనక్కి వస్తుంది. కదలిక చిన్నదే, కానీ పిడి పొడవు వల్ల దాని బలం చాలా ఎక్కువ. అతుక్కున్న గుల్ల ఆ మొదటి కదలికకే ఊడుతుంది. తరవాత లాగడం తేలిక. జర్మనీలో పాల్ మౌజర్ రూపొందించిన 1898 నమూనా రైఫిల్‌లో ఈ ఏర్పాటుతో పాటు గుల్ల అంచును వదలకుండా పట్టుకునే వెడల్పాటి కొక్కెం కూడా ఉంది. దాని తరవాతి బోల్ట్ రైఫిళ్లెన్నో దాన్ని అనుసరించినవే.

గుల్ల ఇరుక్కోవడం బోల్ట్ రైఫిళ్లతో పుట్టిన జబ్బు కాదు. 1885 జనవరి 17న సూడాన్‌లోని అబూ క్లీ వద్ద బ్రిటిష్ సైనికుల మార్టినీ-హెన్రీ తుపాకులు మొరాయించాయి. అవి బోల్ట్ లేని, మీటతో పనిచేసే తుపాకులు. పల్చని ఇత్తడి రేకును చుట్టి చేసిన గుల్లలు వేడికి, ఇసుకకు, మసికి అంటుకుపోతే కొక్కెం వాటి అడుగును చింపేసింది. ఒకే ముక్క ఇత్తడిని సాగదీసి చేసిన గుల్లలు వచ్చాక గాని ఆ బెడద తగ్గలేదు.

కెనడా సొంత రైఫిల్

ఇప్పుడు కెనడాకు వద్దాం. 1899-1902 మధ్య బోయర్ యుద్ధం జరుగుతున్నప్పుడు కెనడా ప్రభుత్వం లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు కావాలని అడిగితే బ్రిటన్ ఇవ్వలేకపోయింది. తన సైన్యానికే చాలడం లేదు. కెనడాలో కర్మాగారం పెట్టమంటే బ్రిటిష్ కంపెనీ ఒప్పుకోలేదు. సామ్రాజ్యంలో ఉంటూ సామ్రాజ్యపు ఆయుధం దొరకని దేశం ఏం చేయాలి? సరిగ్గా ఆ సమయంలో సర్ చార్లెస్ రాస్ అనే స్కాటిష్ జమీందారు ముందుకొచ్చాడు. ధనవంతుడు, వేటగాడు, స్వయంగా తుపాకులు రూపొందించేవాడు. 1902లో విల్‌ఫ్రెడ్ లోరియే ప్రభుత్వం ఆయనతో ఒప్పందం చేసుకుంది. క్విబెక్ నగరంలో కర్మాగారం వెలిసింది.

ఈ నిర్ణయాన్ని వెర్రితనంగా కొట్టిపారేయడం ఇప్పుడు మనకు తేలిక. కానీ ఆయుధం కోసం పరాయివాళ్ల దయ మీద ఆధారపడకూడదన్న కోరిక సహజమైనదే. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశమూ అదే కోరుకుంది.

రాస్ రైఫిల్ ప్రత్యేకత దాని బోల్ట్. పిడిని పైకెత్తనక్కరలేదు, తిన్నగా వెనక్కి లాగి ముందుకు తోస్తే చాలు. బోల్ట్ లోపలి మెలిక గాడులు దాని తలను తామే తిప్పుతాయి. ఆస్ట్రియాకు చెందిన మాన్‌లిఖర్ రైఫిళ్లలో ఇంతకుముందే ఉన్న పద్ధతి ఇది. నాలుగు కదలికల పని రెండు కదలికల్లో అయిపోతుంది కనుక వేగం ఎక్కువ అన్నారు. గొట్టం 30.5 అంగుళాల పొడవు, గురి అద్భుతం. ఇంగ్లండ్‌లోని బిజ్లీ పోటీల్లో రాస్ రైఫిళ్లు పేరు తెచ్చుకున్నాయి. ఆ పేరు చూసి సామ్ హ్యూస్ అనే రాజకీయవేత్త దానికి భక్తుడయ్యాడు. 1911లో ఆయనే సైనిక వ్యవహారాల మంత్రి అయ్యాడు.

అయితే తిన్నగా లాగే బోల్ట్‌లో ఇందాక చెప్పిన స్టీలు గ్లాసు ఉపాయానికి చోటు తక్కువ. పిడిని తిప్పడం వల్ల వచ్చే అదనపు బలం లేదు. సైనికుడి భుజబలం ఎంతో, గుల్ల మీద పడే లాగుడు దాదాపు అంతే. గుల్ల సులువుగా వదిలినంతకాలం ఈ లోపం బయటపడదు. పోటీ మైదానంలో శుభ్రమైన తుపాకి, ఏరి తెచ్చిన తూటాలు, గుండుకూ గుండుకూ మధ్య తీరిక. అక్కడ లోపం కనబడే అవకాశమే లేదు.

దీనికి మరొకటి తోడైంది. గురి బాగా కుదరాలని రాస్ చాంబర్‌ను బిగుతుగా, తూటాకు అంటిపెట్టుకునేలా చేశారు. కెనడాలో తయారైన తూటాలు ఆ కొలతకు సరిపోయాయి.

ఈప్ర, 1915 ఏప్రిల్

యుద్ధం మొదలయ్యాక బ్రిటన్‌లో తూటాల తయారీ ఒక్కసారిగా పెరిగింది. తయారీ పెరిగితే కొలతల్లో తేడాలూ పెరుగుతాయి. ఒక గుల్ల కాస్త లావు, మరొకటి కాస్త మెత్తన. లీ-ఎన్‌ఫీల్డ్ చాంబర్ వదులుగా ఉండడం వల్ల ఈ తేడాలను సర్దుకుంది. రాస్ సర్దుకోలేదు. ఫ్రాన్స్ చేరిన కెనడా సైనికులకు అందినవి ఎక్కువగా బ్రిటిష్ తూటాలే.

1915 ఏప్రిల్ 22 సాయంత్రం జర్మన్ సైన్యం ఈప్ర వద్ద క్లోరిన్ వాయువు వదిలింది. ఫ్రెంచ్, అల్జీరియా దళాలు ఉన్న చోట పెద్ద ఖాళీ ఏర్పడింది. పక్కనే ఉన్న కెనడా మొదటి డివిజన్ ఆ ఖాళీని పూడ్చడానికి నిలబడింది. 24న వాయువు నేరుగా వాళ్ల మీదికే వచ్చింది. తడిపిన గుడ్డలు ముక్కుకు అడ్డం పెట్టుకొని, దగ్గుతూ, కళ్ల నీళ్లతో, ఎదురుగా వస్తున్న పదాతి దళం మీద వేగంగా కాల్చాలి. అటువంటి వేళ రైఫిళ్లు పట్టేశాయి. వేడెక్కిన చాంబర్‌లో గుల్ల కదలదు. సైనికులు బోల్ట్ పిడిని బూటు మడమతో తన్నారు, కందకాలు తవ్వే పనిముట్ల పిడులతో కొట్టారు. ఒక గుండు కాల్చడం, బోల్ట్‌ను తన్ని తెరవడం, మరో గుండు కాల్చడం. కొందరు చనిపోయిన బ్రిటిష్ సైనికుల పక్కనున్న లీ-ఎన్‌ఫీల్డ్‌లు తీసుకున్నారు. ఆ కొన్ని రోజుల్లో డివిజన్ సుమారు 6 వేల మందిని కోల్పోయింది. ఈ లెక్కలో మృతులు, గాయపడ్డవారు, బందీలు అందరూ ఉన్నారు. వారిలో ఎందరి ప్రాణాలు రైఫిల్ వల్ల పోయాయో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. వాయువు, ఫిరంగులు, చుట్టుముట్టిన శత్రువు అన్నీ ఉన్నాయక్కడ.

కానీ ఒక అంకె మిగిలింది. యుద్ధం నుంచి బతికి బయటపడ్డ 5,000 మంది కెనడా సైనికుల్లో 1,452 మంది తమ రాస్ రైఫిళ్లను పారేసి లీ-ఎన్‌ఫీల్డ్‌లు పట్టుకొచ్చారు. ఆధారాల గురించి చదివే విద్యార్థులు ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఈ సైనికుల్లో ఎక్కువమంది ఏ నివేదికా రాయలేదు. వాళ్లను ఏ విచారణ సంఘమూ పిలవలేదు. తమకిచ్చిన ఆయుధాన్ని పారేయడం సైనికుడికి నేరం. అయినా ముగ్గురు నలుగురిలో ఒకరు ఆ పని చేశారు. రాతలో లేని సాక్ష్యం చేతలో ఉంటుందని నేను తరగతిలో చెబుతూ వచ్చిన ఉదాహరణల్లో ఇంతకంటే గట్టిది మరొకటి లేదు.

మరమ్మతు: సగం సగం

1915 జూన్‌లో మొదటి డివిజన్‌కు లీ-ఎన్‌ఫీల్డ్‌లు ఇచ్చేశారు. వెనక వస్తున్న రెండో, మూడో డివిజన్లకు మాత్రం రాస్ రైఫిళ్లే ఉంచారు. దోషం తూటాలదేనని హ్యూస్ వాదించాడు. అందులో నిజం లేకపోలేదు. కెనడా తూటాలతో రాస్ బాగానే పనిచేసింది. కాబట్టి మంచి తూటాలు ఏరి ఇమ్మన్నారు. యుద్ధరంగంలో అది ఎంతకాలం సాగుతుంది? పక్క దళానికి వచ్చిన పెట్టె నీకూ వస్తుంది.

తరవాత చాంబర్‌ను తొలిచి కొంచెం పెద్దది చేశారు. ఇది అసలు రోగానికి తగిన మందే. చాలా రైఫిళ్లు బాగుపడ్డాయి కూడా. కొన్ని మాత్రం అప్పటికీ పట్టేస్తూనే ఉన్నాయి. ఎందుకు?

జవాబు బోల్ట్ వెనక దొరికింది. బోల్ట్ వెనక్కి వచ్చి ఆగడానికి ఒక చిన్న ఉక్కు అడ్డం ఉంటుంది. రాస్ మూడో నమూనాలో బోల్ట్ చెవులు మరమేకు మరల్లాగా మెట్లుమెట్లుగా ఉంటాయి. లాగిన ప్రతిసారీ ఆ మెట్లలో ఒక సన్నటి అంచు వెళ్లి ఈ అడ్డానికి కొట్టుకునేది. మామూలుగా లాగితే పెద్ద నష్టం లేదు. కానీ ఇరుక్కున్న గుల్ల కోసం ప్రాణభయంతో తన్ని తెరిచినప్పుడు ఆ దెబ్బకు అంచు వంగి, గరుకై, తన గాడిలో సరిగా తిరగదు. ఇక ఆ రైఫిల్‌కు చాంబర్ పెద్దది చేసినా, ఎంత మంచి తూటా ఇచ్చినా బోల్ట్ బిగుసుకుంటుంది. సరిగ్గా మళ్లీ తన్నవలసి వస్తుంది. ఆ తన్నుతో అంచు ఇంకా వంగుతుంది.

చూశారా, కార్యమే తిరిగి కారణమైపోయింది. మొదట తూటా, చాంబర్ పొసగక బోల్ట్ పట్టింది. పట్టినందువల్ల తన్నారు. తన్నినందువల్ల బోల్ట్ చెడింది. ఇప్పుడు తూటాతో పనిలేకుండానే పడుతోంది. చెడిన రైఫిల్‌ను విప్పి చూసిన నిపుణుడు సైనికుడు మొరటుగా వాడాడు అని రాస్తే అందులోనూ అబద్ధం లేదు. కానీ అతడు ఎందుకు మొరటుగా వాడాడన్న ప్రశ్న దగ్గర ఆ నిపుణుడు ఆగిపోయాడు. తరవాత అడ్డాన్ని వెడల్పు చేసి, చెవులను గట్టిపరిచి ఈ దోషాన్నీ దిద్దారు. అప్పటికి ఆలస్యమైంది. రైఫిల్ బాగుపడింది గాని దాని మీద నమ్మకం తిరిగి రాలేదు.

మరో ప్రమాదం కూడా ఉంది. శుభ్రం చేయడానికి విప్పిన బోల్ట్‌ను తిరిగి కూర్చేటప్పుడు తలను తప్పుగా అమర్చే వీలుంది. అలా చేస్తే చెవులు బిగుసుకోకుండానే తుపాకి పేలి, బోల్ట్ వెనక్కి ఎగిరి వచ్చేది. దాన్ని అరికట్టడానికి చిన్న రివెట్ బిగించారు. కాల్చేటప్పుడు బాయొనెట్ ఊడిపోవడం వంటి చిన్న బాధలు సరేసరి.

పదవులు, పరిశీలనలు

కెనడా దళాల సేనాపతి సర్ ఎడ్విన్ ఆల్డర్సన్ ఈ రైఫిల్ వద్దని పై అధికారులకు రాశాడు. ఆయన ఇంగ్లిష్‌వాడు. రాస్ మీద మాట అంటే కెనడా మీద మాట అన్నట్టుగా హ్యూస్ తీసుకున్నాడు. 1916లో ఆల్డర్సన్‌కు తుపాకుల సంగతి తెలియదంటూ ఘాటైన లేఖ రాసి, దాని ప్రతులు ఇతర అధికారులకు కూడా పంపాడు. ఆ మే నెలలోనే ఆల్డర్సన్‌ను కెనడా దళాల సేనాపతి పదవి నుంచి తప్పించారు. దానికి ఇతర కారణాలూ కలిశాయి గాని రైఫిల్ తగాదా వాటిలో ముఖ్యమైనది. విచిత్రమేమిటంటే అదే నెలాఖరులో సర్వసేనాని హేగ్ ఆల్డర్సన్ మాటనే సమర్థించాడు. 1916 సెప్టెంబరు నాటికి మిగిలిన డివిజన్లకూ లీ-ఎన్‌ఫీల్డ్‌లు చేరాయి. నవంబరులో హ్యూస్ మంత్రి పదవి పోయింది. 1917లో ప్రభుత్వం రాస్ కర్మాగారాన్ని స్వాధీనం చేసుకుంది.

హ్యూస్‌ను కేవలం మొండివాడని తీసిపారేస్తే చరిత్ర పాఠం మనకు అందదు. ఆయన చేతిలోనూ ఆధారాలున్నాయి. ఏళ్ల తరబడి పోటీ మైదానాల్లో వచ్చిన ఫలితాలవి. ఆ ఫలితాలు నిజమైనవే. అవి జవాబిచ్చిన ప్రశ్న వేరు. ఈ రైఫిల్ గురి ఎంత అని మైదానం అడిగింది. బురదలో, వేడిలో, ఎవరో చేసిన తూటాతో నిమిషానికి పదిహేనుసార్లు తెరుచుకుంటుందా అని కందకం అడిగింది. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును మరో ప్రశ్నకు అప్పజెప్పడం విద్యావంతులు కూడా తరచు చేసే పొరపాటే.

ఇందుకు మరొక నిదర్శనం ఉంది. కెనడా సైన్యంలో మాటుగాళ్లు, అంటే దూరం నుంచి గురిచూసి కొట్టే స్నైపర్లు, రాస్‌ను వదులుకోవడానికి ఇష్టపడలేదు. ఒజిబ్వే ఆదివాసి తెగకు చెందిన ఫ్రాన్సిస్ పెగమగాబో వారిలో ప్రసిద్ధుడు. స్నైపర్ ఏరి తెచ్చిన తూటా వాడతాడు, చాంబర్ తుడుచుకుంటాడు, ఒక గుండు కాల్చి గంటసేపు ఆగుతాడు. అతడి చేతిలో అదే రైఫిల్ పోటీ మైదానంలో లాగా పనిచేసింది.

భారత సైనికుల రైఫిళ్లు

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. 1857 తిరుగుబాటు తరవాత భారతీయ సిపాయిలకు బ్రిటిష్ సైనికుల కంటే ఒక తరం పాత ఆయుధాలే ఇవ్వాలన్న పద్ధతి చాలాకాలం నడిచింది. 1914 సెప్టెంబరులో భారత దళాలు ఫ్రాన్స్‌లోని మార్సేయ్ రేవులో దిగినప్పుడు వాళ్ల దగ్గరున్నవి పాత తూటాకు తగిన రైఫిళ్లు. రేవులోనే వాటిని తీసుకొని కొత్త లీ-ఎన్‌ఫీల్డ్‌లు ఇచ్చారు. చేతికి అలవాటుపడని తుపాకితో నేరుగా యుద్ధంలోకి వెళ్లడం కష్టమే. అయినా 1915 ఏప్రిల్ 26న లాహోర్ డివిజన్ అదే ఈప్ర వద్ద కెనడా దళాలు నిలిచిన ప్రాంతానికి వచ్చి దాడి చేసినప్పుడు వాళ్ల చేతుల్లో ఉన్నది వదులు చాంబర్ రైఫిల్. జమాదార్ మీర్ దస్త్ ఆ రోజు చూపిన సాహసానికి విక్టోరియా క్రాస్ పొందాడు. సామ్రాజ్యం నమ్మని సిపాయికి, దాని దయ వల్లనే అయినా, తగిన తుపాకి దొరికింది. సొంత తుపాకి కోరుకున్న కెనడా పౌరుడికి అది దొరకలేదు.

సొంత తుపాకి కోరిక మన దగ్గర ఎలా తీరిందో కూడా చూడవలసిందే. కలకత్తా దగ్గరి ఇషాపూర్‌లో 1904లో రైఫిల్ కర్మాగారం స్థాపించారు. అక్కడ బ్రిటిష్ నమూనా లీ-ఎన్‌ఫీల్డ్‌నే దశాబ్దాల పాటు తయారు చేశారు. 1962 చైనా యుద్ధం తరవాత ఆయుధాల కొరత తీర్చడానికి అదే రైఫిల్‌ను 7.62 మిల్లీమీటర్ల కొత్త తూటాకు మార్చారు. పాత .303 తూటా గుల్లకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది, కొక్కెం దాన్ని పట్టుకుంటుంది. కొత్త తూటాకు ఆ అంచు లేదు, గుల్ల చుట్టూ గాడి మాత్రమే ఉంది. పాత కొక్కెం దాన్ని సరిగా పట్టలేదు. ఇషాపూర్ ఇంజనీర్లు మెరుగైన ఉక్కు వాడడంతో పాటు కొక్కెం ఆకారాన్ని కూడా మార్చి, 2ఎ, 2ఎ1 అనే నమూనాలు తెచ్చారు. తూటా మారితే దాన్ని లాగే కొక్కెమూ మారాలన్న సంగతి వాళ్లు రైఫిల్ సిపాయి చేతికి వెళ్లకముందే చూసుకున్నారు.

రాస్ రైఫిళ్లు మాత్రం గోదాముల్లో పడి ఉన్నాయి. 1940లో డన్‌కర్క్ ఓటమి తరవాత బ్రిటన్‌లో తుపాకుల కరవు వచ్చినప్పుడు వాటిని మళ్లీ బయటికి తీసి, ఊళ్లను కాపలా కాసే హోమ్ గార్డు వాలంటీర్లకు పంచారు.